పగోడా సూత్రములు (సవరించిన ప్రతి)

పీఠిక

చైనాలో సాంగ్ చక్రవర్తుల కొలువులో లి జియె అనే అధికారి ఉండేవాడు. ఆయన కూర్చిన యింగ్‌జావ్ ఫాషి అనే గ్రంథం 1103లో అచ్చయింది. ప్రభుత్వ భవనాలు ఎలా కట్టాలో చెప్పే పుస్తకం అది. ఏ దూలం ఎంత మందం ఉండాలి, దానికి ఎంత కొయ్య పడుతుంది, వడ్రంగికి ఎన్ని రోజుల కూలి లెక్కగట్టాలి, ఎన్ని పెంకులు, ఎంత రంగు, అన్నీ అందులో ఉంటాయి. ఇదంతా కళాపోషణ కోసం రాయించలేదు. ఖజానా సొమ్ము కట్టడాల పేరుతో కరిగిపోతోందని, లెక్క బిగిస్తే తినేవాడికి సందు దొరకదని రాయించారు. చైనా వాస్తుకళకు మూలగ్రంథమని ఇవాళ అందరూ కళ్ళకద్దుకునే పుస్తకం పుట్టింది దొంగ బిల్లుల మీద కోపంతో.

ఆ పుస్తకానికి ఇప్పుడు కాలం చెల్లింది. ఇవాళ మేడలు నూరంతస్తులు దాటాయి. కట్టించేది చక్రవర్తి కాదు. బ్యాంకు, బీమా కంపెనీ, రియల్ ఎస్టేట్ సంస్థ. వారికి దూలం మందంతో పనిలేదు. వారికి కావలసింది బ్రోషర్లో అచ్చు వేసుకోవడానికి ఐదువేల ఏళ్ళ నాగరికత. వారి సౌకర్యం కోసం ఈ సవరించిన ప్రతి. మన శాస్త్రాల మర్యాద ప్రకారం ముందు సూత్రం, వెనక వ్యాఖ్య.

చైనా పగోడాతో తెలుగువాడికేం పని అని కొందరు అడగవచ్చు. పగోడాకు పూర్వీకుడు స్తూపం. బుద్ధుడి ధాతువులను కరండాల్లో పెట్టి భట్టిప్రోలులోనూ, అమరావతిలోనూ, నాగార్జునకొండలోనూ స్తూపాలు కట్టుకున్నవాళ్ళం మనం. ఆ స్తూపం బౌద్ధంతోపాటు చైనా చేరి, అక్కడి అంతస్తుల బురుజులతో వియ్యమంది, పగోడా అయింది. కాబట్టి మనవడు దారి తప్పుతున్నాడని అనిపించినప్పుడు నాలుగు మాటలు అనే చనువు మనకుంది.

మొదటి సూత్రం: పగోడా కావాలనుకున్నవాడు దానిని షికాగోలో గీయించవలెను.

వ్యాఖ్య: శంఖంలో పోస్తేగాని తీర్థం కాదు. షాంఘైలో 1999లో పూర్తయిన జిన్ మావ్ టవర్ 420 మీటర్ల ఎత్తు. పైకి పోయేకొద్దీ మెట్లు మెట్లుగా సన్నబడుతుంది. మెట్టు మెట్టుకూ చూరు పొడుచుకొచ్చినట్టు లోహపు అంచులు మెరుస్తుంటాయి. గీసినది షికాగోలోని స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ సంస్థలో పనిచేసిన ఏడ్రియన్ స్మిత్. దుబాయ్‌లో బుర్జ్ ఖలీఫా గీసిందీ ఆయనే. అక్కడ పువ్వు, ఇక్కడ పగోడా. గిరాకీ ఏ దేశానిదైతే ఆ దేశపు పురాణం. జిన్ మావ్ పక్కనే ఉన్న షాంఘై వరల్డ్ ఫైనాన్షియల్ సెంటర్‌ను గీసింది న్యూయార్క్ సంస్థ. ఆ రెంటినీ మించిన 632 మీటర్ల షాంఘై టవర్‌ను గీసింది మరో అమెరికా సంస్థ. గ్వాంగ్‌జౌలో నదిగట్టున నిలబెట్టిన చక్రం ఆకారపు మేడను గీసినది ఇటలీవాడు.

పరాయివాడు గీయడం నేరం కాదు. స్తూపం కూడా పరాయి దేశం నుంచే చైనా వెళ్ళింది. తేడా ఒక్కటే. స్తూపం చేరాక చైనా మేస్త్రీలు దాన్ని శతాబ్దాల తరబడి తమ ఇటుకతో, తమ కొయ్యతో కుస్తీ పట్టించారు. హెనాన్‌లోని సోంగ్యుయె గుడిలో ఆరో శతాబ్దం నాటి పగోడా ఇటుకతో పన్నెండు పలకలుగా లేచింది. ఐదువందల ఏళ్ళ తర్వాత యింగ్‌షియన్‌లో కట్టినది నిలువెల్లా కొయ్య, ఎనిమిది పలకలు. ఒకదానికొకటి నకలు కాదు. ఇప్పుడు అంత తీరిక ఎవరికుంది? ఒక ఆల్బమ్, ఒక కంప్యూటరు, ఒక గడువు చాలు.

ఇక్కడ చైనాను మరీ ఎగతాళి చేయడానికి మనకు నోరు లేదు. అమరావతి భవనాలకు లండన్ నుంచి నార్మన్ ఫోస్టర్ సంస్థను పిలిచి, ఆ బొమ్మల మీద 2017లో సినీ దర్శకుడు రాజమౌళి సలహా అడిగాం. తెలుగుదనం సెట్టింగుల శాఖ కిందికి వస్తుందని మనమూ ఒప్పుకున్నట్టే.

రెండవ సూత్రం: ముందు అంకెను నిర్ణయించి, పిదప అంతస్తులను నిర్ణయించవలెను. అంకె ఎనిమిది.

వ్యాఖ్య: చైనావారి నమ్మకంలో ఎనిమిది ధనయోగం. అందుకే జిన్ మావ్‌కు 88 అంతస్తులు. అడుగు భాగం పదహారు అంతస్తులు. పైకి పోతూ ఒక్కొక్క భాగం అందులో ఎనిమిదో వంతు చొప్పున తగ్గుతుంది. నడిమి కాంక్రీటు గోడ ఎనిమిది పలకలు, దాని చుట్టూ ఎనిమిది మహాస్తంభాలు. తైవాన్‌లోని తైపే 101 ఎనిమిదేసి అంతస్తుల దొంతరలు ఎనిమిది పేర్చిన మేడ. హాంకాంగ్‌లో బ్యాంక్ ఆఫ్ చైనా టవర్ శిఖరం ముట్టించడానికి ఎంచుకున్న ముహూర్తం 1988లో ఎనిమిదో నెల ఎనిమిదో తేదీ.

నాలుగుకు మాత్రం చావు వాసన ఉంది కాబట్టి హాంకాంగ్‌లో చాలా మేడల్లో 4, 14, 24 అంతస్తులు పుట్టకముందే పోతాయి. ఈ విద్యకు పరాకాష్ఠ అక్కడి 39 కాండ్యూట్ రోడ్డులోని అపార్ట్‌మెంట్ భవనం. అందులో 68వ అంతస్తు మీద ఉన్నది 88వ అంతస్తు. సిమెంటు బస్తా విప్పకుండా, ఇనుప చువ్వ వంచకుండా పంతొమ్మిది అంతస్తులు కట్టిన ఇంజనీరు చరిత్రలో ఇంకెవరూ లేరు.

ఇందులో ఒక చిన్న చిక్కుంది. పగోడాకు సరిసంఖ్య పనికిరాదు. మూడు, ఐదు, ఏడు, తొమ్మిది, పదమూడు, ఇలా బేసి అంతస్తులే ఆనవాయితీ. యింగ్‌షియన్ కొయ్య పగోడా బయటికి ఐదంతస్తులు. లోపల దాచిన నాలుగు అరలు కలిపితే తొమ్మిది. ఎలా లెక్కబెట్టినా బేసే. పగోడా పేరు చెప్పి 88 కట్టడం శివరాత్రి పేరు చెప్పి విందు భోజనం వడ్డించడమే. వడ్డించినవాడికి తెలియదు, తిన్నవాడికి పట్టదు.

లి జియె పుస్తకంలోనూ ఎనిమిది ఉంది. దూలాల కొయ్య కోతకు ఆయన ఎనిమిది తరగతులు పెట్టాడు. పెద్ద కొలువు మందిరానికి ఒకటో తరగతి, చిన్న మండపానికి ఎనిమిదో తరగతి. ఏ తరగతి కొయ్యకైనా ఎత్తు మూడు పాళ్ళుంటే మందం రెండు పాళ్ళు. ఆ ఎనిమిదిలో అదృష్టం లేదు, కొయ్య బలం ఉంది. అందుకే బ్రోషర్లలో దానికి చోటు దొరకలేదు. కారు నంబరు కోసం ఆర్టీఏ వేలంలో 9999కి లక్షలు పోసే మనవాళ్ళకు ఈ సూత్రం విడమరచి చెప్పనక్కరలేదు.

మూడవ సూత్రం: కట్టడపు ఆకారం కిలోమీటరు దూరం నుంచి చూచిన పసివానికి కూడ అర్థము కావలెను. ఆ అర్థము డబ్బై ఉండిన మరీ మంచిది.

వ్యాఖ్య: షెన్యాంగ్‌లో 2001లో లేచిన ఫాంగ్ యువాన్ భవనం పాత చైనా నాణెం. చుట్టూ గుండ్రం, నడుమ చదరపు చిల్లు. రూపకర్త తైపే 101 గీసిన సి. వై. లీ. ప్రపంచంలో అందవిహీనమైన భవనాల జాబితా వేసిన సీఎన్ఎన్ దీన్ని మరచిపోలేదు. యజమాని చిన్నబుచ్చుకోనక్కరలేదు. నాణేన్ని ఎవరూ అందం కోసం దాచుకోరు.

గ్వాంగ్‌జౌలో 2013లో వచ్చిన 138 మీటర్ల చక్రం ఇంకా తెలివైనది. అది జేడ్ రాతి చక్రానికి ప్రతిరూపం అన్నారు. పర్ల్ నది నీళ్ళలో నీడ పడితే పైనొక సున్నా, కిందొక సున్నా కలిసి ఎనిమిది అవుతుంది అన్నారు. అంటే రెండో సూత్రాన్ని పాటించడానికి నదిని కూడా పనిలో పెట్టారు. ఊళ్ళోవాళ్ళు దాన్ని చూసి రాగి పైసా అన్నారు. అసలు జేడ్ చక్రాలు దొరికింది సమాధుల్లో. వేల ఏళ్ళ క్రితం లియాంగ్‌జు కాలంలో వాటిని చనిపోయినవారి ఒంటి మీదా, చుట్టూ పేర్చి పూడ్చేవారు. వ్యాపార సంస్థ ప్రధాన కార్యాలయానికి అంత మంగళకరమైన గుర్తు ఇంకోటి దొరకదు.

బీజింగ్‌లో 528 మీటర్ల సిటిక్ టవర్ ఆకారం ‘జున్’. షాంగ్, జౌ కాలాల్లో పితృదేవతలకు మద్యం సమర్పించిన కంచు పాత్ర అది. ఇప్పుడు ఆ పాత్రలో పోసి ఉన్నది ఆఫీసులు. రాజధాని పొలిమేర దాటి హెబెయ్‌లోకి వెళితే తియన్‌జి హోటల్ ఉంది. అక్కడ ఆకారం గురించి తర్జనభర్జనే లేదు. పది అంతస్తుల మేడ మొత్తం సిరి, పదవి, ఆయుష్షు ఇచ్చే ముగ్గురు దేవుళ్ళ విగ్రహమే. రంగురంగుల అంగీలు, గడ్డాలు, ఆయుష్షు దేవుడి చేతిలో పీచ్ పండు. మిగతావాళ్ళు వంద అంతస్తుల్లో గొణిగినదాన్ని ఇది పది అంతస్తుల్లో గట్టిగా అరిచి చెప్పింది. ఈ సవరించిన ప్రతి దృష్టిలో నిజాయితీ బహుమతి దీనికే.

నాలుగవ సూత్రం: వంపు పైకప్పు సంప్రదాయమా, ద్రోహమా అన్నది పంచాంగము చూచి తెలుసుకొనవలెను.

వ్యాఖ్య: లియాంగ్ సిచెంగ్ అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వాస్తుశిల్పం చదువుతుండగా తండ్రి లియాంగ్ చిచావ్ ఒక పుస్తకం పంపించాడు. లి జియె గ్రంథానికి కొత్త ముద్రణ అది. చదివితే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ పరిభాష మాట్లాడే మేస్త్రీలు పోయి వందల ఏళ్ళయింది. పిల్లవాడు ఆ పుస్తకాన్ని బల్లమీద పెట్టుకుని జీవితం గడిపేశాడు. కొడుక్కి లి జియె పేరు కలిసివచ్చేలా త్సోంగ్‌జియె అని పేరు పెట్టుకున్నాడు. భార్య లిన్ హుయియిన్‌తో కలిసి 1930లలో ఊరూరూ తిరిగి, దూలాల మీదికెక్కి కొలతలు తీసుకున్నాడు. తొమ్మిదో శతాబ్దపు ఫోగ్వాంగ్ గుడి మండపాన్ని 1937లో గుర్తించి లోకానికి చూపించాడు.

ఆ తర్వాత 1950లలో కొత్త భవనాలకు చైనా పైకప్పు పెట్టాలన్న వాదానికి ఆయన పెద్దదిక్కు అయ్యాడు. 1955లో ఆ ‘పెద్దకప్పు’ దుబారా అని, వెనకచూపు అని ఆయన మీద విమర్శల జడివాన కురిపించారు. కప్పు నేరస్థురాలైంది.

నలభై ఏళ్ళు తిరగకముందే అదే బీజింగ్‌లో మేయర్ చెన్ షిటాంగ్‌కు పాత రాజధాని రూపురేఖలు తిరిగి రాబట్టాలనే సంకల్పం కలిగింది. కాంక్రీటు పెట్టె ఎంత ఎత్తయినా కట్టుకో, నెత్తిన మండపం పెట్టు అన్నారు. వాస్తుశిల్పులు పెట్టారు. ప్లాను పాసు కావాలి కదా. 1996లో తెరిచిన బీజింగ్ పశ్చిమ రైల్వే స్టేషను నడినెత్తిన కూర్చున్న మూడు చూర్ల మండపం ఆ రోజుల జ్ఞాపిక. రైలు దిగినవాడెవడూ ఆ మండపంలోకి వెళ్ళడు. రైలు ఎక్కేవాడికీ దానితో పనిలేదు. అప్పటికి నగర పార్టీ కార్యదర్శి అయిన చెన్ మాత్రం స్టేషను తెరవకముందే 1995లో అవినీతి వ్యవహారంలో పదవి పోగొట్టుకుని, 1998లో పదహారేళ్ళ జైలుశిక్ష వేయించుకున్నాడు.

వెనకచూపు అని తిట్టినప్పుడూ, వారసత్వం అని నెత్తిన పెట్టినప్పుడూ ఆ కప్పు ఏం పని చేస్తుందని అడిగినవాడు లేడు. చైనా పాత ఇంటి చూరు ఊరికే ముందుకు పొడుచుకు రాలేదు. వాన నీరు కొయ్య స్తంభాల మీద, మట్టి గోడల మీద పడకుండా దూరంగా విసరాలి. ఎండాకాలం నడినెత్తి సూర్యుణ్ణి ఆపాలి, చలికాలం వాలు ఎండను లోపలికి రానివ్వాలి. అద్దాల గోడకు తడుస్తాననే భయం లేదు. అరవయ్యో అంతస్తులో చూరు ఎవరికి నీడనిస్తుంది? కింది అంతస్తు ఏసీకా?

ఐదవ సూత్రం: సంప్రదాయ చిహ్నముల చేత ఏ బరువునూ మోయింపరాదు. అవి పెద్దలు.

వ్యాఖ్య: చైనా కొయ్య కట్టడానికి గుండెకాయ దోగోంగ్. స్తంభం తలమీద అడ్డంగా, నిలువుగా ఒకదానిలో ఒకటి ఇరికించిన దిమ్మెలు, చేతుల దొంతర. ముందుకు చాచిన చూరు బరువును పట్టుకుని, అంచెలంచెలుగా దించి, స్తంభానికి అప్పగిస్తుంది. యింగ్‌షియన్ పగోడా 1056లో కట్టినది. 67 మీటర్ల ఎత్తు. యాభైనాలుగు రకాల దోగోంగ్‌లు దాన్ని పట్టి నిలబెట్టాయి. భూమి కంపించినప్పుడు వేల అతుకులు కాస్త కదిలి, ఒకదానితో ఒకటి రాసుకుని, ఆ ఊపును మింగేస్తాయి. ఎన్నో భూకంపాలు వచ్చిపోయాయి. పగోడా వయసు తొమ్మిదివందల అరవై దాటింది. మింగ్ కాలంలో సామాన్యుడి ఇంటికి దోగోంగ్ పెట్టడం చట్టవిరుద్ధం. అంత హోదా ఉన్న వస్తువు కూడా బరువు మోసే బతికింది.

ఇప్పుడా కష్టం తీరింది. 2010 షాంఘై ఎక్స్‌పోలో హ జింగ్‌తాంగ్ బృందం కట్టిన చైనా మంటపం ప్రపంచంలోకెల్లా పెద్ద దోగోంగ్ బొమ్మ. ఎర్రెర్రని దూలాలు అంచెలంచెలుగా ఆకాశంలోకి చేతులు చాచాయి. చూస్తే అవే ఆ కిరీటాన్ని మోస్తున్నాయనిపిస్తుంది. మోస్తున్నవి మూలల్లో లిఫ్టులు పెట్టుకున్న నాలుగు కాంక్రీటు గోపురాలు. దోగోంగ్‌కు స్వచ్ఛంద పదవీ విరమణ ఇచ్చి, యూనిఫాం మాత్రం ఉంచారు.

తైపే 101 కథ ఇంకా రసవత్తరం. 508 మీటర్ల మేడకు మూలమూలనా రుయి మేఘాల చిహ్నాలు, కింది అంతస్తుల మీద నలువైపులా నాణేల బిళ్ళలు. ఎదురుగా వచ్చే వీధి శూలలా పొడవకుండా అడ్డంగా ఒక ఫౌంటెన్. ఇవన్నీ మంగళం చేకూర్చాయి, సరే. తుఫాను వస్తే మేడను పట్టుకునేదెవరు? 87వ అంతస్తు నుంచి 92వ అంతస్తు దాకా ఉక్కు తాళ్ళకు వేలాడుతున్న 660 టన్నుల గుండు. ఉక్కు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి చేసినది. గాలి మేడను ఒకవైపు నెడితే గుండు ఎదురు ఊగుతుంది. 2015 ఆగస్టులో సౌడెలార్ తుఫాను వచ్చిన రోజు ఒక మీటరు దాకా ఊగింది. దాన్ని రూపొందించింది కెనడా ఇంజనీర్లు. గాలి ఉధృతిని పావువంతు దాకా తగ్గించిన మూలల నొక్కులు కూడా విండ్ టనెల్ పరీక్షల్లో పుట్టినవే, పురాణంలో పుట్టినవి కావు.

చివరికి జనానికి నచ్చింది మేఘాలు కాదు, ఈ గుండు. టికెట్టు కొని వచ్చి దాన్ని చూస్తున్నారు. హలో కిట్టీ బొమ్మల సంస్థ చేత దానికి కళ్ళూ కాళ్ళూ పెట్టించి డ్యాంపర్ బేబీ అని పేరుపెట్టి కీచైన్లు అమ్ముతున్నారు. ఆ మేడలో ఒళ్ళు వంచి పనిచేసే అలంకారం అదొక్కటే. దాన్ని చైనాతనం అనడం ఎవరికీ తోచలేదు.

ఆరవ సూత్రం: మీరు పెట్టిన అర్థమును జనులు వాడుదురని ఆశింపరాదు.

వ్యాఖ్య: షాంఘై వరల్డ్ ఫైనాన్షియల్ సెంటర్‌కు మొదటి నమూనాలో శిఖరం దగ్గర గుండ్రని ద్వారం. భూమి చదరం, ఆకాశం వృత్తం అనే చైనా పాత భావన. పైగా తోటల్లో కట్టే చంద్రద్వారం. ఇంతకన్నా చైనాతనం ఏం కావాలి? కానీ కట్టించేది జపాన్ కంపెనీ. షాంఘై నడిబొడ్డున, ఆకాశంలో, గుండ్రంగా ఉదయించేది ఎవరి సూర్యుడో ఊళ్ళోవాళ్ళకు చటుక్కున తెలిసిపోయింది. నిరసనలు వచ్చాయి, నగర పెద్దలు మొహం చిట్లించారు. వృత్తాన్ని తీసేసి కింద ఇరుకు, పైన వెడల్పు ఉండే నాలుగు పలకల కంత పెట్టారు. 2008లో 492 మీటర్ల మేడ తెరిచేసరికి దాని పేరు సీసా మూత తీసే ఓపెనర్ అయిపోయింది. యజమానులు తెలివైనవాళ్ళు. ఆ ఆకారంలో ఓపెనర్లు చేయించి మేడ మీది దుకాణంలోనే అమ్మారు. బీజింగ్ మద్యపాత్రకు షాంఘై ఓపెనర్ సరిగ్గా సరిపోతుంది.

సూజౌలో 302 మీటర్ల జంట మేడలను పైన కలిపి ‘తూర్పు సింహద్వారం’ అన్నారు. ఊరు దాన్ని చలికాలంలో ప్యాంటు లోపల తొడుక్కునే పొడుగు లాగు అంది. అంతే, ద్వారం మూసుకుపోయింది, లాగు మిగిలింది.

హాంకాంగ్‌లో ఐ. ఎం. పెయ్ గీసిన బ్యాంక్ ఆఫ్ చైనా టవర్‌ది వేరే విషాదం. మొలకెత్తే వెదురు స్ఫూర్తితో గీశానన్నాడు. మేడ మీద కనిపించే ఏటవాలు గీతలు అలంకారం కాదు. బరువును, గాలి తాకిడిని నాలుగు మూలలకు దించేవి అవే. వెదురులాగే ఒంటి బలం ఒంటి మీదే కనిపిస్తుంది. అయితే ఇంటూ గుర్తులు అశుభం అన్నారు. వాటిని వజ్రాలుగా కనబడేలా సర్దాడు. అంచులు కత్తుల్లా ఉన్నాయన్నారు. నెత్తిన ఉన్న రెండు స్తంభాలు చనిపోయినవారికి వెలిగించే అగరవత్తులన్నారు. పక్కనున్న హెచ్‌ఎస్‌బీసీ భవనం మీద కడుగుడు పనికి పెట్టిన క్రేన్లు ఈ కత్తులకు గురిపెట్టిన ఫిరంగులని ఊరంతా కథ చెప్పుకుంది. ఇన్ని మేడల్లో ఒంటి మీది గుర్తుల చేత నిజంగా బరువు మోయించినది ఇది. తిట్లు కూడా దీనికే ఎక్కువ. ఐదవ సూత్రాన్ని ఉల్లంఘిస్తే ఏమవుతుందో చూశారుగా.

ఏడవ సూత్రం: సంప్రదాయమును నిలబెట్టుటకు ముందు అది ఉన్న స్థలమును ఖాళీ చేయించవలెను.

వ్యాఖ్య: చచ్చినవాడి కళ్ళు చారెడు. బతికున్నప్పుడు ఇరుకు గల్లీ, కారే కప్పు, కరెంటు తీగల చిక్కుముడి. కూలిన మరునాడు వారసత్వం. పాత బీజింగ్‌ను అలాగే ఉంచి కొత్త పాలనా కేంద్రాన్ని పడమట కట్టుకుందామని లియాంగ్ సిచెంగ్, చెన్ జాన్‌షియాంగ్ కలిసి 1950లో ప్రణాళిక ఇచ్చారు. కోటగోడ కూల్చవద్దు, దాని మీద పూలమొక్కలు పెట్టి జనం తిరిగే ఉద్యానం చేద్దామని లియాంగ్ బొమ్మ గీసి చూపించాడు. ప్రణాళిక బుట్టదాఖలైంది. గోడ ఒక్కొక్క ముక్కగా నేలకూలింది. దాని పునాదుల వెంట మెట్రో వేశారు. 1957లో కూల్చిన యోంగ్‌డింగ్‌మెన్ ద్వారాన్ని 2004లో మళ్ళీ కట్టారు. అసలుదాన్ని ఉంచుకుని ఉంటే మరమ్మతు ఖర్చులతో పోయేది. కానీ కొత్తగా కట్టిన పాతదానిలో ఉన్న హుందా మరమ్మతులో ఎక్కడిది?

లియాంగ్, లిన్ దంపతులు 1930లలో కాపురమున్న ఇల్లు బీజింగ్‌లో బెయ్‌జోంగ్‌బు వీధిలో ఉండేది. ఈ దేశపు పాత కట్టడాలను లెక్కబెట్టి కాపాడమని బతిమాలిన మనుషుల ఇల్లు. 2012 జనవరిలో, కొత్త సంవత్సరపు సెలవుల సందట్లో, దాన్ని నేలమట్టం చేశారు. కారణం అడిగితే, అది మరమ్మతు నిమిత్తం చేసిన కూల్చివేత అని జవాబు వచ్చింది. అధికారులు జరిమానా వేశారు. యింగ్‌జావ్ ఫాషిలో కొయ్య పనికి, రాతి పనికి, పెంకు పనికి వేరువేరు అధ్యాయాలున్నాయి గాని మరమ్మతు కూల్చివేతకు లేదు. ఈ సవరించిన ప్రతి ఆ లోటు పూరించినందుకు గర్విస్తోంది.

వాంగ్ షు లాంటి వాస్తుశిల్పులను దగ్గరికి రానివ్వరాదు. నింగ్‌బోలో మ్యూజియం కట్టమని పని అప్పగిస్తే, చుట్టుపక్కల కూల్చిన పల్లెల పాత ఇటుకలు, పెంకులు ఏరుకొచ్చి గోడలు పేర్చాడు. తుఫాను కూల్చిన ఇళ్ళ ముక్కలతో అక్కడి పల్లెవాళ్ళు గోడ పెట్టుకునే పద్ధతి అది. ఆ ప్రాంతపు మేస్త్రీలను పిలిచి వాళ్ళ చేతనే పని చేయించాడు. మ్యూజియం 2008లో తెరిచారు, 2012లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఆ గోడ ముందు నిలబడితే ఏ పల్లె పోయిందో తెలుస్తుంది. బ్రోషరుకు అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. వంద అంతస్తుల పగోడాను చూస్తే ఏం పోయిందో ఎవరికీ గుర్తురాదు.

ఎనిమిదవ సూత్రం: ప్రభుత్వము వారి ఆజ్ఞలను శిరసావహించవలెను. అవి వచ్చులోపల కట్టి ముగించవలెను.

వ్యాఖ్య: విడ్డూరపు భవనాలు ఇక చాలని 2014 అక్టోబరులో షి జిన్‌పింగ్ అన్నారు. 2016లో కేంద్ర పార్టీ, ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చాయి: భారీతనం వద్దు, పరదేశి మోజు వద్దు, వింత ఆకారాలు వద్దు. 2020లో గృహనిర్మాణ శాఖ ఇంకో అడుగు వేసింది. 500 మీటర్లు దాటి కట్టవద్దు, నకళ్ళు వద్దు, చైనా ప్రత్యేకత ఉట్టిపడాలి. అప్పటికే ప్రధాన భూభాగంలో 500 మీటర్లు దాటి పూర్తయిన మేడలు ఐదు. తియాన్‌జిన్‌లో 597 మీటర్ల మరో మేడ 2015లోనే శిఖరం ముట్టి, పని ఆగి, ఏళ్ళ తరబడి ఖాళీగా నిలబడింది.

ఆజ్ఞలన్నీ కలిపి చదివితే యజమానికి ఒక ధర్మసందేహం వస్తుంది. నాణెం ఆకారపు మేడ విడ్డూరమా, చైనా ప్రత్యేకతా? పొడుగు లాగు పరదేశి మోజా, స్వదేశీ ద్వారమా? ముగ్గురు దేవుళ్ళ హోటల్‌ను ఏ గంపలో వేయాలి? ఆజ్ఞ రాసినవారు ఈ జంజాటంలోకి దిగలేదు. ఎత్తును టేపు పెట్టి కొలవవచ్చు. చైనాతనానికి టేపు ఎవరు తెస్తారు?

టేపు ఒకటి ఉంది, యజమానులు దానితో జాగ్రత్తగా ఉండవలెను. ప్రారంభోత్సవం రోజు రిబ్బను కత్తిరించాక ఎవడో ఒకడు ‘ఇందులో చైనా ఎక్కడుంది?’ అని అడుగుతాడు. వేలెత్తి పైన మేఘాలను, పక్కన నాణేలను, లిఫ్టులో 88 మీటను చూపవలెను. వాడు అక్కడితో ఆగక ‘అవి పీకేస్తే ఏం కూలుతుంది?’ అని అడిగితే మాత్రం జవాబు మీరు చెప్పరాదు, ఇంజనీరును చెప్పనివ్వరాదు. ఇంజనీరు నిజం చెప్పేస్తాడు: మేడకేం కాదండీ, కూలేది అద్దె ఒక్కటే.